నాన్నమ్మ రెండుసార్లు ఎందుకొచ్చింది?

విశాఖపట్నంలో పలాస వైపు పోయే పాసింజరు ఎక్కితే విజయనగరం, నెల్లిమర్ల, గరివిడి దాటాక చీపురుపల్లి వస్తుంది. ఆ ఊళ్ళో హైస్కూలు పిల్లలకి వంశవృక్షం గీయడం నేర్పడానికి ఆ మధ్య ఒకరోజు వెళ్ళాను. ఇది పెద్ద విద్యేమీ కాదు. మగవాళ్ళకి చదరం, ఆడవాళ్ళకి సున్న. పెళ్ళికి అడ్డగీత, పిల్లలకి నిలువుగీత. చనిపోయినవాళ్ళ గుర్తు మీద ఏటవాలుగా ఒక గీత. పావుగంటలో అందరూ నేర్చేసుకుని ఎవరి ఇంటి బొమ్మ వాళ్ళు గీయడం మొదలుపెట్టారు.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకామె పుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"మాస్టారూ, నా బొమ్మ తప్పొచ్చినట్టుంది. మా నాన్నమ్మ రెండుసార్లు వచ్చేస్తోంది."

చూశాను. బొమ్మ తప్పు కాదు. ఆ అమ్మాయి వాళ్ళ అమ్మని సొంత మేనమామకే ఇచ్చి చేశారు. అంటే నాన్నకి అమ్మా, అమ్మకి అమ్మమ్మా ఒక్కరే! నాన్న వైపు నుంచి ఎక్కినా, అమ్మ వైపు నుంచి ఎక్కినా ఆ పెద్దావిడ దగ్గరికే చేరతాం. "అందుకే మా అమ్మ నాన్నమ్మని అత్తా అని పిలవదు మాస్టారూ, అమ్మమ్మా అనే పిలుస్తాది," అంది. క్లాసంతా నవ్వారు. నవ్వినవాళ్ళలో సగంమంది ఇళ్ళల్లో ఇలాంటి వరసలే ఉన్నాయని తర్వాత వాళ్ళ బొమ్మలు చూస్తే తెలిసింది.

కానీ ఆ అమ్మాయి బొమ్మలో ఆమె పక్కనే ఒక చిన్న చదరం ఉంది. దాని మీద ఏటవాలు గీత ఉంది. తమ్ముడు. అయిదో నెలలో పోయాడట. పుట్టినప్పుడు బాగానే ఉన్నాడు. రెండో నెల దాటాక నాలిక మీద తెల్లపూత పట్టి ఎన్ని మందులు రాసినా పోలేదు. ఆగని విరేచనాలు. తర్వాత ఊపిరితిత్తులకి నెమ్ము. భుజం మీద బి.సి.జి. టీకా వేసినచోట పుండు మానలేదు, చంకలో గడ్డలు కట్టాయి.

"మేనరికం వల్ల రక్తం పాడైపోయిందని వీధిలో అందరూ అంటారు. మరి నాకేటీ అవలేదు కదా మాస్టారూ? మా అమ్మకి ఇప్పుడు మళ్ళీ ఏడో నెల."

అక్కడ చెప్పిన జవాబునీ, చెప్పి ఉంటే బాగుండేదని తిరుగు బండిలో అనుకున్నదాన్నీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఊడ్చేవాళ్ళు, కాల్చేవాళ్ళు, గుర్తుపట్టేవాళ్ళు

చీపురుపల్లి పేరులోనే చీపురు ఉంది గదా, అక్కడినుంచే మొదలుపెడదాం. మన రక్తంలో తిరిగే తెల్ల రక్తకణాల్లో కొన్నింటి పని అచ్చంగా ఊడ్చేవాళ్ళ పనే. చర్మం తెగి సూక్ష్మజీవులు లోపలికి రాగానే ఈ కణాలు అక్కడికి పాక్కుంటూ చేరి వాటిని మింగేస్తాయి. అయితే ఊడ్చి పోగుచేస్తే చాలదు, చెత్త తగలబెట్టాలి. మింగిన సూక్ష్మజీవిని చంపడానికి ఆ కణం ప్రాణవాయువుని ఉపయోగించి హైడ్రోజన్ పెరాక్సైడు వంటి ఘాటైన రసాయనాలు తయారుచేస్తుంది. దెబ్బ తగిలినప్పుడు గాయం మీద పోస్తే బుసబుసా నురుగు వచ్చే మందు ఉంటుంది చూడండి, అదే!

కొందరు పిల్లలకి పుట్టుకతోనే ఈ నిప్పు రాజేసే ఎంజైము పనిచెయ్యదు. వాళ్ళ కణాలు సూక్ష్మజీవుల్ని మింగుతాయి, చంపలేవు. మింగినవి లోపలే బతికి ఉంటాయి. ఒంట్లో మాటిమాటికీ చీముగడ్డలు లేస్తాయి. 1950లలో అమెరికాలో దీన్ని మొదట వర్ణించిన డాక్టర్లకి కారణం అంతుపట్టలేదు. ఎందుకంటే ఆ పిల్లల రక్తంలో తెల్లకణాలకి కొదవలేదు, ప్రతిరక్షకాలకీ కొదవలేదు. చీపుర్లన్నీ ఉన్నాయి, అగ్గిపెట్టె లేదు. 1968లో ఒక తేలికైన పరీక్ష వచ్చింది. లేత పసుపురంగు ద్రావణాన్ని తెల్లకణాలతో కలిపితే, మంచి కణాల్లో అది ముదురు నీలంగా మారుతుంది. ఈ జబ్బున్న పిల్లల కణాల్లో పసుపు పసుపుగానే ఉండిపోతుంది.

ఇందులో ఇంకో తమాషా ఉంది. కొన్ని సూక్ష్మజీవులు తమంతట తామే కొంచెం హైడ్రోజన్ పెరాక్సైడు తయారుచేసి, దాన్ని విరగ్గొట్టుకోలేక ఒంట్లో ఉంచుకుంటాయి. అలాంటివి ఈ పిల్లల్ని అంతగా బాధించవు. దొంగ తన జేబులో తానే అగ్గిపెట్టె తెచ్చుకున్నాడన్నమాట!

మింగే కణాలు కాక, శత్రువుని గుర్తుపట్టి జ్ఞాపకం పెట్టుకునే లింఫోసైట్లు అనే తెల్లకణాలు వేరే ఉన్నాయి. వీటిలో రెండు ముఖ్యమైన తెగలు. బి-కణాలు ప్రతిరక్షకాలు తయారుచేస్తాయి. టి-కణాలు రొమ్ము ఎముక వెనక ఉండే థైమస్ గ్రంథిలో శిక్షణ పొంది బయటికి వచ్చి, రోగం సోకిన కణాల్ని చంపుతాయి, మిగతా కణాలకి ఆజ్ఞలిస్తాయి. ఒక్క బి-కణాలే లేకపోతే ఏమవుతుందో 1952లో తెలిసింది. అమెరికాలో వాల్టర్ రీడ్ సైనిక ఆస్పత్రిలో ఆగ్డెన్ బ్రూటన్ అనే డాక్టరు దగ్గరికి ఎనిమిదేళ్ళ అబ్బాయి ఒకడు వచ్చేవాడు. నాలుగేళ్ళలో పదిహేనుసార్లకు పైగా వాడి రక్తం విషమించింది. రక్తంలోని ప్రొటీనుల్ని విద్యుత్తుతో విడదీసే కొత్త యంత్రం అప్పుడే ఆ ఆస్పత్రికి వచ్చింది. దానిలో పెట్టి చూస్తే ఆ అబ్బాయి రక్తంలో గామా గ్లోబ్యులిన్ అనే భాగం మచ్చుకైనా కనబడలేదు. ప్రతిరక్షకాలు ఉండేది అందులోనే. ఇతరుల రక్తం నుంచి తీసిన గామా గ్లోబ్యులిన్‌ని బ్రూటన్ ఇంజెక్షనుగా ఇచ్చాడు. అబ్బాయి తేరుకున్నాడు. ఆ జబ్బున్న పిల్లలకి ఈనాటికీ ఇచ్చే వైద్యం అదే, క్రమం తప్పకుండా, జీవితాంతం.

టి-కణాలే లేకపోతే? అది అన్నిటికంటే ప్రమాదం. ఆజ్ఞలిచ్చేవాళ్ళు లేక బి-కణాలూ పనిచెయ్యవు. అందుకే దీన్ని తీవ్ర సంయుక్త రోగనిరోధక లోపం అంటారు. పుట్టినప్పుడు బిడ్డ బొద్దుగా, ఆరోగ్యంగానే కనబడుతుంది. తల్లి కడుపులో ఉండగా వచ్చిన తల్లి ప్రతిరక్షకాలు కొద్ది నెలలు కాపాడతాయి. ఆ తర్వాత నాలిక మీద తెల్లపూత, విరేచనాలు, నెమ్ము మొదలవుతాయి. చీపురుపల్లి అమ్మాయి చెప్పిన గుర్తులు ఇవే. బి.సి.జి. సంగతి కూడా ఇక్కడే అర్థమవుతుంది. ఆ టీకాలో ఉండేది బలహీనపరచిన సజీవ బాక్టీరియా. మామూలు బిడ్డ ఒంట్లో అది చిన్న మచ్చ మిగిల్చి, క్షయకి ఎదురు నిలిచే పాఠం నేర్పిపోతుంది. టి-కణాలు లేని బిడ్డలో మాత్రం ఆ బలహీనుడే విజృంభిస్తాడు. (ఇది చదివి తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ టీకాలు మాన్పించేరు సుమా! లక్షల మంది పిల్లల్ని ఆ టీకాయే కాపాడుతోంది. ఇలాంటి లోపం బహు అరుదు.)

అయితే ఆ తమ్ముడికి ఉన్నది ఈ లోపమేనా? రక్తపరీక్ష జరగలేదు కాబట్టి ఖాయంగా చెప్పలేను. ఆ అమ్మాయితోనూ అదే అన్నాను. కానీ అనుమానించడానికి కావలసినంత కారణం ఉంది.

పిఠాపురం కుర్రవాడి లెక్కలు

ఇక మేనరికం సంగతి. దక్షిణాదివాళ్ళు మేనమామ కూతుర్నీ, మేనత్త కూతుర్నీ చేసుకుంటారని ప్రాచీన బౌధాయన ధర్మసూత్రంలోనే రాసి ఉంది. అంత పాత ఆచారం. దాని ఫలితాల్ని లెక్కగట్టి చూద్దామని బయలుదేరినవాళ్ళలో ఒకరు మన తెలుగువాడే. పిఠాపురంలో 1937లో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు. ఇంగ్లండు విడిచి 1957లో మన దేశానికి వచ్చేసిన మహా జన్యుశాస్త్రజ్ఞుడు జె. బి. ఎస్. హాల్డేన్ దగ్గర ఆయన కలకత్తాలో శిష్యరికం చేశాడు. హాల్డేన్ ఆ తర్వాత భువనేశ్వర్‌కి మారి 1964లో కన్నుమూసే దాకా అక్కడే ఉన్నాడు. చీపురుపల్లి మీదుగా పోయే రైలుబాట మీదిదే భువనేశ్వర్ కూడా.

ఖరీదైన పరికరాలు లేకపోతేనేం, మీ చుట్టూ ఉన్నదాన్నే చూసి లెక్కించండి అన్నది హాల్డేన్ పద్ధతి. ద్రోణంరాజు ముందు చెవుల మీద వెంట్రుకలు మొలిచే తెలుగు కుటుంబాల వంశవృక్షాలు గీశాడు. ఆ లక్షణం తండ్రినుంచి కొడుక్కే వస్తుందన్నాడు. తర్వాతివాళ్ళు ఆ మాటని శంకించారు, అది వేరే కథ. ఆ పైన పి. మీరాఖాన్ అనే మరో శాస్త్రజ్ఞుడితో కలిసి ఆంధ్రదేశంలో దగ్గర సంబంధాల పెళ్ళిళ్ళు ఎన్ని, వాటి ఫలితాలేమిటి అని పరిశీలించి 1960ల మొదట్లో పత్రాలు ప్రకటించాడు. ఈ మీరాఖాన్ పేరు మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ఇప్పుడు మనం కూడా లెక్కిద్దాం. మన కణాల్లో ప్రతి జన్యువుకీ దాదాపు రెండేసి ప్రతులు ఉంటాయి, ఒకటి అమ్మనుంచి, ఒకటి నాన్ననుంచి. ఒకటి పాడైనా రెండోది పని నడిపిస్తుంది. అందుకే పాడైన ప్రతి మోస్తున్నట్టు మనిషికి తెలియనే తెలియదు. మీలోనూ నాలోనూ అలాంటివి కొన్ని ఉన్నాయి. రెండు ప్రతులూ ఒకే విధంగా చెడితేనే చిక్కు.

ఆ నాన్నమ్మ దగ్గర టి-కణాలకి అవసరమైన ఒక జన్యువు ప్రతి పాడై ఉందనుకుందాం. (తాతయ్య దగ్గరైనా లెక్క ఒకటే.) అది కొడుక్కి, అంటే అమ్మాయి నాన్నకి, వచ్చే అవకాశం 2లో 1. కూతురికి 2లో 1, ఆ కూతురి కూతురికి, అంటే అమ్మాయి అమ్మకి, 4లో 1. ఇద్దరికీ వచ్చే అవకాశం 8లో 1. ఇద్దరికీ ఉంటే, బిడ్డకి రెండు పాడైన ప్రతులూ చేరే అవకాశం 4లో 1. గుణిస్తే 32లో 1.

అదే నాన్న ఏ బంధుత్వమూ లేని పిల్లని చేసుకున్నాడనుకోండి. ఆ పాడైన ప్రతి ఊళ్ళో 300 మందిలో ఒకరికి ఉందని లెక్క కోసం అనుకుందాం. అప్పుడు 2లో 1ని 300లో 1తో, దాన్ని 4లో 1తో గుణిస్తే 2,400లో 1 వస్తుంది. 32కీ 2,400కీ తేడా చూశారా! మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్ళి అయితే మొదటి లెక్క 64లో 1 అవుతుంది. ఎలాగో మీరే వేసి చూడండి.

అంటే రక్తం "పాడవలేదు". మేనరికం కొత్తగా ఏ లోపాన్నీ పుట్టించదు. ఒకే ప్రతి రెండు దారుల్లో నడిచి వచ్చి ఒకే బిడ్డ దగ్గర కలుసుకునే అవకాశాన్ని పెంచుతుంది, అంతే. నాన్నమ్మ బొమ్మలో రెండుసార్లు రావడానికి అర్థం అదే. మేనరికం చేసుకున్నవాళ్ళ పిల్లల్లో అత్యధికులు నిక్షేపంగా ఉంటారు కూడా. ఆ అమ్మాయికి ఏమీ కాకపోవడంలో వింత లేదు.

ఈ లోపాల్లో ఒకదాని జాడ అనుకోకుండా దొరికింది. 1972లో అమెరికాలోని సియాటిల్‌లో ఎలోయిస్ గిబ్లెట్ అనే శాస్త్రజ్ఞురాలు రక్తంలోని రకాలమీద పనిచేస్తోంది. నిరోధకశక్తి లేని ఒక పాపకి ఎముకల మూలుగ మార్చాలని, రక్తం సరిపోలుతుందేమో చూడమని ఆమెకి పంపారు. ఎడినోసిన్ డీఎమినేస్ అనే ఎంజైము ఆ రక్తంలో ఉండవలసినచోట ఖాళీగా ఉంది! ఆమె వెతికింది అది కాదు. వదిలెయ్యకుండా అమ్మానాన్నల రక్తం కూడా చూస్తే వాళ్ళలో ఆ ఎంజైము సగమే ఉంది, అంటే ఒక్కొక్క మంచి ప్రతి. ఈ ఎంజైము లేకపోతే విరిగిన డి.ఎన్.ఏ. తాలూకు వ్యర్థాలు పేరుకుని లింఫోసైట్లకే విషమవుతాయని తర్వాత తేలింది. పుట్టుకతో వచ్చే నిరోధక లోపాల్లో మొట్టమొదట కారణం తెలిసింది దీనికే. ఇప్పుడు అలాంటి లోపాలు 500కు పైగా లెక్కకి వచ్చాయి. మన మీరాఖాన్ నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో స్థిరపడి పనిచేసింది కూడా ఈ ఎంజైము సంగతులమీదే. దానికి అంటిపెట్టుకుని ఉండే ఒక ప్రొటీను జన్యువు రెండో క్రోమోజోము మీద ఉందని 1981లో ఆయన, సహచరులు చూపించారు. ఆంధ్రాలో పెళ్ళిళ్ళు లెక్కపెట్టినవాడు ఆ ఎంజైము దగ్గర తేలడం కాకతాళీయమే కావచ్చు, నాకు మాత్రం ముచ్చటేస్తుంది.

మేనరికం కారణం కాకపోతే?

వీధిలోవాళ్ళు మరచిపోయేది ఒకటుంది. ఈ లోపాల్లో కొన్నింటికి మేనరికంతో సంబంధమే లేదు. బ్రూటన్ చూసిన జబ్బు జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంది. ఆడపిల్లలకి ఎక్స్ క్రోమోజోములు రెండు, మగపిల్లలకి ఒకటే. తల్లి దగ్గర పాడైన ప్రతి ఉంటే కూతురికి రెండోది కాపు కాస్తుంది. కొడుక్కి కాపు లేదు. తల్లి ఎవర్ని చేసుకున్నా ఇదే లెక్క. టి-కణాలు లేని జబ్బులోనూ ఇలాంటి రకం ఉంది. అమెరికాలో హ్యూస్టన్ నగరంలో 1971లో పుట్టిన డేవిడ్ వెటర్‌కి ఉన్నది అదే. అంతకుముందు వాడి అన్న ఏడు నెలల వయసులో పోయాడు కాబట్టి, డేవిడ్ పుట్టీపుట్టగానే సూక్ష్మజీవులు చొరబడని ప్లాస్టిక్ గుడారంలో పెట్టారు. గాలీ, నీరూ, బొమ్మా, పుస్తకమూ అన్నీ శుద్ధిచేసి లోపలికి పంపేవారు. పన్నెండేళ్ళు అలా పెరిగాడు. 1983లో అక్క మూలుగ ఎక్కించారు. అప్పటి పరీక్షలకి కనబడని ఒక వైరస్ అందులో దాగి ఉంది. 1984 ఫిబ్రవరిలో డేవిడ్ చనిపోయాడు. వాడి జబ్బుకి కారణమైన జన్యువు 1993లో దొరికింది.

కాబట్టి చీపురుపల్లి బాబుది ఏ రకమో పరీక్ష చెయ్యకుండా ఎవరూ చెప్పలేరు. నాన్నమ్మనీ, అమ్మనీ, పెళ్ళి కుదిర్చినవాళ్ళనీ నిందించేవాళ్ళకి ఆధారం లేదు.

రాబోయే బిడ్డ

ఒకసారి అలాంటి బిడ్డ పుట్టాక లెక్క మారిపోతుంది. మొదటి రకమే అయితే ఇద్దరి దగ్గరా పాడైన ప్రతి ఉన్నట్టే గనక, తర్వాతి ప్రతి కాన్పులోనూ 4లో 1 ప్రమాదం, 4లో 3 క్షేమం. "ఒకరికి వచ్చేసింది కాబట్టి ఇక మూడుసార్లు రాదు" అనుకోకూడదు. నాణేనికి జ్ఞాపకం ఉండదు.

తెలిసి ఎదురుచూసే బిడ్డకీ, తెలియక జబ్బుపడ్డాక తెచ్చే బిడ్డకీ ఎంత తేడా ఉందో వినండి. మూడున్నర నెలల లోపల మూలుగ మార్చిన పిల్లల్లో నూటికి 94 మంది బతికారని అమెరికా డాక్టర్లు 2014లో లెక్క చెప్పారు. మూలుగ సరిపోలే అవకాశం తోబుట్టువుల్లో ఒక్కొక్కరికి 4లో 1. మేనరికం ఉన్న కుటుంబాల్లో మిగతా బంధువులతో కూడా సరిపోలే అవకాశం పెరుగుతుంది. చేసిన అప్పులో కొంత అలా తీరుస్తుందేమో! ఎంజైము లోపానికి వేరే దారీ ఉంది. 1990 సెప్టెంబరు 14న అమెరికాలో ఆశాంతి డిసిల్వా అనే నాలుగేళ్ళ పాప కణాలు బయటికి తీసి, మంచి జన్యువుని చేర్చి, తిరిగి ఎక్కించారు. అలాంటి జన్యు చికిత్స మనుషుల్లో అదే మొదటిది. ఆ పాప పెరిగి పెద్దదైంది. అయితే ఎంజైము ఇంజెక్షన్లు కూడా తీసుకుంటూనే ఉంది గనక ఘనతంతా జన్యువుదే అనలేం.

పుట్టిన బిడ్డ మడమనుంచి తీసిన ఒక్క రక్తపుబొట్టుతో ఈ లోపాన్ని పసిగట్టవచ్చు. టి-కణం తయారయ్యేటప్పుడు చిన్న డి.ఎన్.ఏ. ముక్కలు రాలిపడతాయి, వడ్రంగి కొట్లో చెక్కపొట్టులాగ. పొట్టు లేదంటే లోపల వడ్రంగి పని జరగడం లేదన్నమాట. 2008లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ప్రతి బిడ్డకీ ఈ పరీక్ష మొదలుపెట్టారు. మన దేశంలో అందరు పిల్లలకీ చేసే ఏర్పాటు లేదు. కానీ మామూలు రక్తపరీక్షలోనే ఒక సూచన దొరుకుతుంది. పసిబిడ్డల్లో లింఫోసైట్లు పెద్దవాళ్ళకంటే ఎక్కువ ఉండాలి. ఘన మిల్లీమీటరుకి 3,000కి తగ్గితే డాక్టర్లు అనుమానించాలి. ఆ పరీక్ష ఏ చిన్న పట్నంలోనైనా అవుతుంది. పై పరీక్షలకీ జన్యు సలహాకీ హైదరాబాదులో నిజాం వైద్య విజ్ఞాన సంస్థ ఉంది, దానితో కలిసి పనిచేసే డి.ఎన్.ఏ. ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నస్టిక్స్ కేంద్రం ఉంది. 2021లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన అరుదైన జబ్బుల విధానంలో ఈ లోపం పేరు ఉంది. ఆ విధానం కింద గుర్తించిన కేంద్రాల్లో చికిత్సకి 50 లక్షల రూపాయల దాకా సాయం అందేలా 2022లో మార్చారు.

ఇదంతా ఆ రోజు చెప్పలేదు, బండి వేళయింది. నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి ఆ అమ్మాయి వాళ్ళ నాన్నకి నాలుగు ముక్కలు రాసిచ్చాను. బాబుకి జరిగినదంతా కాన్పు చేసే డాక్టరుకి ఇప్పుడే చెప్పండి. బిడ్డ పుట్టగానే రక్తంలో లింఫోసైట్లు ఎన్నో లెక్కపెట్టించండి. ఆ సంగతి తేలేవరకు బి.సి.జి.ని, నోట్లో వేసే చుక్కల్ని కాస్త ఆపాలేమో డాక్టరునే అడగండి, తేలాక ఆలస్యం చెయ్యకుండా వేయించండి. మీ ఇద్దరి రక్తమూ జన్యుపరీక్షకి ఇవ్వండి.

అమ్మాయి కాగితం చదువుకుంది. "పిల్లడైనా పిల్లయినా ఇదేనా?" అంది.

"ఇదే."

తర్వాత బొమ్మ సరిచేసుకుంది. దగ్గర బంధువుల పెళ్ళికి జంటగీత గీయాలని చెప్పాను. నాన్నమ్మని ఒక్కచోటే ఉంచి, అక్కడినుంచి రెండు దారులూ కిందికి దింపి, అమ్మానాన్నల మధ్య జంటగీత కలిపింది. ఇప్పుడు సరిగ్గా వచ్చింది.

"ఇంకా పుట్టనివాళ్ళకి ఏ గుర్తు మాస్టారూ?"

"చదరాన్ని మూలమీద నిలబెట్టు."

తమ్ముడి పక్కన అది గీసింది.